మేనమామ మేపిన పంది

లుంబన్ దోలోక్,
మార్చి

అక్కా, ఇతో, నా తోడబుట్టినదానా,

ప్రభువు కృప నీ ఇంటిమీద నిలుచునుగాక. నా ఇంటిమీద ప్రస్తుతం నీ పంది నిలిచి ఉంది.

నిన్న లాంచీ సరంగు రేవులో ఒక గోనెసంచి దించి, "పెద్దగారూ, మీ మేనల్లుడి పెళ్లి వచ్చింది, పట్టుకోండి" అన్నాడు. సంచి కదిలింది. రేవు రేవంతా నవ్వింది. లోపల చెవులు రెండూ నోరొకటీ తప్ప ఇంకేమీ లేని ఆడ పందిపిల్ల. దానికి తోడు నీ చీటీ: "కోతలయ్యాక తుంపాల్ పెళ్లి. అంతదాకా దీన్ని మేపు."

తుంపాల్ బయటి పిల్లను చేసుకుంటున్నాడు. చేసుకోనీ, ఇవ్వడానికి నాకు కూతురు లేదు. అయినా మేనమామ దగ్గరకు వచ్చి అనుమతి అడగాలి. మీ వైపువాళ్లు పందిని వండి, తలా తోకా పక్కటెముకలూ తీరుగా అమర్చి నా ముందు పెట్టాలి. నేను అన్నంమీద ఎర్రచేపలు పరిచి మీకివ్వాలి. పంది మీ నుంచి పైకి, చేప మా నుంచి కిందికి. పెద్దలు పెట్టిన దారి, కాదనను. కానీ ఆ పందిని మేనమామే మేపాలని ఏ పెద్దలు పెట్టారు? లంచం పుచ్చుకోబోయేవాడే లంచానికి చిలగడదుంపలు ఉడకబెట్టి పెట్టాలని మోషే ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు. వెతికి చూశాను.

నేను సణిగేవాణ్ణి కానని నీకు తెలుసు. అరణ్యంలో మన్నా తింటూ సణిగినవాళ్ల గతి ఏమైందో ఇరవై ఏళ్లు సంఘపెద్దగా గుళ్లో బల్లగుద్ది చెప్పినవాణ్ణి. కాబట్టి ఇది సణుగుడు కాదు, సమాచారం. నా కోడిపుంజు సరిగ్గా నేను ప్రార్థనకు కళ్లు మూసినప్పుడే కూస్తుంది. పేతురుకు ఒక్క కూత చాలింది, నాకు చాలడం లేదు. కుక్క నీ మరదలు తియామిన్ మగ్గం కింద తప్ప ఇంకెక్కడా పడుకోదు. పైకప్పు మంచం దగ్గరే కారుతోంది. కింద కల్లంగడిలో ఆమాని సాహాత్ తాగుబోతుల చేత నాలుగు గొంతుల్లో పాటలు పాడిస్తున్నాడు, అదీ సంఘంలోకంటే బాగా. ఇప్పుడు ఈ పంది. వచ్చిన పూటే నా గుడి చెప్పుల్లో ఎడమదాన్ని తినేసింది.

వచ్చే లాంచీకి దీన్ని వెనక్కి పంపుతాను. సిద్ధంగా ఉండు.

నీ తమ్ముడు
మంగిహుత్

*

సియాంతార్,
మార్చి

మంగిహుత్, ఇతో,

పంపితే రేవులో దించుకునేవాళ్లు ఎవరూ ఉండరు. చెప్పులు రెండూ తినలేదు, ఒకటే తింది. ముందు ఆ మిగిలినదానికి స్తోత్రం చెయ్యి.

ఇక్కడా జంతువులున్నాయి నాయనా, నీకొక్కడికే ఉన్నట్టు రాస్తావేం. మా నల్లకోడి గూడు వదిలేసి మీ బావ బస్సు టోపీలో గుడ్లు పెడుతోంది. రోజూ పొద్దున్నే ఆయన టోపీ కోసం ఇల్లంతా తిరుగుతాడు, చివరికి గుడ్డు దొరుకుతుంది. టోపీ పాడైందని ఏడవాలా, గుడ్డు దొరికిందని వండాలా? నేనైతే వండుతున్నాను. కండక్టరు నెత్తిన ఈక చూసి బస్సులో జనం నవ్వుతారట. నవ్వనీ, నవ్వినవాళ్లు చిల్లర కోసం పోట్లాడరు అంటాడు మీ బావ.

అసలు మాట ఇది. నీ చీటీలో పందికి అరపేజీ ఇచ్చావు, నీకు ఒక్క వాక్యం ఇచ్చుకోలేదు. పాస్టరమ్మ ఇక్కడి పెద్దాసుపత్రికి వచ్చినప్పుడు మా ఇంటికీ వచ్చింది. మరదలు పోయిన దగ్గర్నుంచి నువ్వు గుళ్లో వెనక బెంచీలో కూర్చుంటున్నావట. వాక్యం చెప్పమంటే గొంతు బాగాలేదంటున్నావట. ఏడాదిగా ఏ గొంతు నొప్పయ్యా ఇది? నీ గొంతుకు గంట అక్కర్లేదని, నువ్వు లేస్తే సరస్సు అవతలి ఊరు కూడా మారుమనస్సు పొందుతుందని నవ్వుకునేవాళ్లం.

తుంపాల్‌కు నువ్వు నోరు తెరిచి, అందరి ముందు నిలబడి దీవెన చెప్పాలి. తల ఊపితే చెల్లదు. చేప పెట్టి ఊరుకున్నా చెల్లదు. మేనమామ నోటి మాట లేకుండా ఆ పిల్ల వైపువాళ్లు గడప దిగరు. నా కొడుకు పెళ్లి నీ గొంతులో ఇరుక్కుని ఉంది. గుర్తుంచుకో.

పందికి ఉప్పు పెట్టకు.

తియోలినా

*

లుంబన్ దోలోక్,
మే

అక్కా, ఇతో,

నా గొంతు గురించి పాస్టరమ్మకు అంత శ్రద్ధ ఉంటే ముందు ఆమె భర్త ప్రసంగాలకు కాస్త ఉప్పు వెయ్యమను. దీవెన సంగతి అప్పుడు చూద్దాం. కోతలు ఇంకా దూరం.

ఇప్పుడు సమాచారం. ఆదివారం నేను నల్లకోటు వేసుకుని ఆరాధనకు బయలుదేరాను. నీ పంది దొడ్డి వెదుళ్లు విరగ్గొట్టి నా ముందు నుంచి కొండదారిన కిందికి పరుగు లంకించుకుంది. గెరాసేనుల పందుల మంద ఎలా సరస్సులో పడి చచ్చిందో చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. ఈ కళ్లతో చూస్తానని మాత్రం అనుకోలేదు. దయ్యమే పట్టిందనుకున్నాను. నేనూ పరుగెత్తాను. అది నేరుగా సరస్సులోకి దూకింది. నల్లకోటుతో సహా నేనూ దూకాను. మొలలోతు నీళ్లలో నిలబడి, పోయిన ఆత్మ కోసం కేకలు వేస్తుంటే, ఆ పోయిన ఆత్మ కాస్త దూరంలో వెల్లకిలా తిరిగి హాయిగా ఈదుతోంది. తరవాత దానంతట అదే గట్టెక్కి, ఒళ్లు దులుపుకుని, నా వెంట ఇంటికి వచ్చింది. ఆరాధన మాత్రం నాకు తప్పిపోయింది. గుడికి వెళ్లే జనమంతా గట్టున నిలబడి చూశారు.

ఆ ప్రవక్తలాగే వెళ్లమన్న చోటికి వెళ్లకుండా నీళ్లవైపు పారిపోయింది గనక కోపంలో దాన్ని యోనా అన్నాను. ఆడదానికి ఆ పేరేమిటని అడగకు. ప్రవక్తకు లేని సిగ్గు దానికెందుకు? తినబోయే పందికి పేరు పెట్టకూడదని నాకూ తెలుసు. నోరు జారింది.

ఆ నోరు జారడమే నా కొంప ముంచింది. మన దగ్గర మొదటి బిడ్డ పుట్టగానే మనిషి పాతపేరు పోతుంది కదా. ఆ తరవాత అతడు 'ఆమాని' ఫలానా, అంటే ఫలానావాడి తండ్రే. ఆమాని సాహాత్ అసలు పేరేమిటో అతడి పెళ్లానికీ గుర్తుండదు. ఈ ఊళ్లో తలనెరిసినవాళ్లలో కన్నవాళ్లు పెట్టిన పేరు మోస్తున్నది నేనొక్కణ్ణే. దాన్ని మోయడం అలవాటు చేసుకున్నాను. తియామిన్‌కు అలవాటు కాలేదు.

నిన్న కల్లంగడి ముందు నుంచి వస్తుంటే ఆమాని సాహాత్ గిన్నె ఎత్తి, "రా, ఆమాని యోనా, బిడ్డ కులాసానా?" అన్నాడు. అంగడిలో అందరూ అందుకున్నారు. నాలుగు గొంతుల్లో.

ఆ పిలిచినవాళ్ల నాలుకలు అంగిటికి అంటుకుపోవాలని ఇంటికొచ్చి ప్రార్థించాను. నువ్వు పంపిన జంతువు వల్ల వచ్చిన పేరిది. దీనికి నువ్వే జవాబు చెప్పాలి.

మంగిహుత్

*

సియాంతార్,
జూన్

మంగిహుత్, ఇతో,

జవాబు చెప్పమన్నావు. చెబుతున్నాను.

ఆమాని సాహాత్ మోటువాడే. కానీ మరదలు పోయిన రోజు శవపేటిక ముందుభుజం పట్టింది ఎవరు? ఆ వానలో, ఆ బురదలో, కాలు జారకుండా? ఏడాదిపాటు నిన్ను ఏమని పలకరించాలో తెలియక అంగడి ముందు నుంచి నువ్వు పోతుంటే తల దించుకునేవాడట. ఇప్పుడు వెక్కిరించడానికి ఒకటి దొరికింది. పలకరింపే అది. పుచ్చుకో.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. సరస్సు దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వలేక బల్లమీద పడుకున్నాడు. తరవాత లేచి, "మీ తమ్ముడు ఏడాది తరవాత ఒక ప్రాణి కోసం కొండ దిగి నీళ్లలోకి దూకాడన్నమాట" అన్నాడు. మీ బావ తెలివైనవాడు కాదు, కానీ అప్పుడప్పుడూ ఏదో ఒకటి అంటాడు.

నేను నీలా వాక్యం నూరినదాన్ని కాను. బట్టలకొట్టులో గిరాకీ లేనప్పుడు చదువుకుంటానంతే. ఆ యోనా కథలో ఆయన్ను చేప మింగిన దగ్గరే అందరూ ఆగిపోతారు. నాకు చివరే ఇష్టం. ఆయన ఊరిబయట మొక్కనీడలో కూర్చుని అలుగుతాడు కదా, మొక్క ఎండిపోతే చచ్చిపోతానంటాడు కదా. అప్పుడు దేవుడు ఊళ్లో ఉన్న ఇంతమంది మనుషులూ, ఇన్ని పశువులూ నీ కంటికి కనబడడంలేదా అంటాడు. పశువుల్ని కూడా లెక్కలో వేస్తాడు చూడు, అక్కడ నాకు దేవుడంటే ముచ్చటేస్తుంది. దాని అర్థం నన్నడగకు. బోధకుడివి నువ్వు.

నల్లకోటు నీడలో ఆరబెట్టు, ఎండలో వేస్తే ఎర్రబడుతుంది. దీవెన చెప్పేటప్పుడు అదే వేసుకోవాలి.

తియోలినా

*

లుంబన్ దోలోక్,
ఆగస్టు

అక్కా, ఇతో,

ఘోరం జరిగింది. వేషధారులు నన్ను చుట్టుముట్టారు.

యోనాకు సాయంత్రం దుంపలు పెట్టేటప్పుడు నాలుగు ముక్కలు మాట్లాడడం అలవాటైంది. మాట్లాడకపోతే తినదు, తొట్టి తలకిందులు చేస్తుంది. ముందు దాన్ని తిట్టేవాణ్ణి. ఎన్నాళ్లు తిడతాను, తిట్లు అయిపోయాయి. తరవాత నోటికొచ్చిన వాక్యం చెప్పేవాణ్ణి. అది వింటుంది, అక్కా. నోవహు నాడు ఓడ ఎక్కినవాళ్లలో మనుషులకంటే మీవాళ్లే ఎక్కువమంది అని చెబితే చెవులు నిక్కించింది. ఏలీయాకు రొట్టె తెచ్చిన కాకుల గురించి చెబుతూ, నా పుంజు కూతను కూడా దేవుడే పంపాడేమో, నేను కళ్లు మూసి నిద్రపోతున్నానని దానికి తెలుసేమో అన్నాను. తొట్టిలో దుంప ఉన్నప్పుడు ఎండిన దుంపను తలుచుకుని ఏడవకు అని కూడా చెప్పాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో తెలియదు, పందికే చెప్పాను.

నిన్న సాయంత్రం బిలాము గాడిద దగ్గరున్నాను. ప్రవక్తకు కనబడని దూతను గాడిద చూసింది, గాడిదకు ఉన్న కళ్లు నీకేవిరా అంటూ గొంతు పెంచాను. వెదురుపొద వెనక నుంచి ఎవరో "ఆమెన్" అన్నారు.

వెళ్లి చూద్దును కదా, ఆమాని సాహాత్. అతడి పెళ్లాం. పాస్టరమ్మ. సగం కల్లంగడి. చాపలు పరుచుకుని కూర్చున్నారు. వేరుశెనగలు కూడా తెచ్చుకున్నారు. వానాకాలం మొదలవకముందు నుంచీ వస్తున్నారట. "గుళ్లో చెప్పనంటివి, పందికి చెప్పేది మేం వినకూడదా?" అంటాడు ఆ మోటువాడు. అతణ్ణయితే తిట్టి తరిమేస్తాను. పాస్టరమ్మను ఏమనాలి?

ఇక ఒక న్యాయమైన విషయం. పెళ్లి దగ్గరపడింది కదా. ఆచారం తెలిసిన పెద్దలను విచారించాను. మేనమామ ముందు పెట్టే పంది మేనల్లుడి ఇంటినుంచి రావాలి. మేనమామ ఇంటి దుంప తిని పెరిగిన పంది మేనమామదే అవుతుంది. నా పందిని నాకే వండిపెడితే అది మర్యాద కాదు, పరాభవం. ఆచారం చెడగొట్టడానికి నేను ఒప్పుకోను. అందువల్ల మీరు వేరే పందిని చూసుకోవాలి. ఇది కేవలం ఆచారం కోసమే రాస్తున్నాను.

మంగిహుత్

*

సియాంతార్,
సెప్టెంబరు

మంగిహుత్, ఇతో,

కేవలం ఆచారం కోసమే. అలాగే నాయనా.

ఈ ఉత్తరం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. నీ యోనా తోడబుట్టింది మా పెరట్లో మార్చి నుంచీ పెరుగుతోంది. రెంటినీ ఒకే పూట కొన్నాను. ఒకటి నీకు వండిపెట్టడానికి, ఒకటి నీతో పోట్లాడడానికి. మనిషిని పంపితే నువ్వు తలుపు వేసుకుంటావు. పందికి తలుపు వేసేవాడెవడూ నాకింకా తారసపడలేదు.

యోనాను నువ్వే ఉంచుకో. పత్రం రాసిస్తాననుకోకు, చెబుతున్నానంతే.

మావాళ్లు అనుమతి అడగడానికి నీ దగ్గరికి వచ్చే రోజు నేను మాత్రం రాలేను. సంత మెట్లమీద కాలు మడతపడింది. వైద్యుడు కట్టు కట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. ముందే రాస్తే నువ్వు దీన్ని సాకు చేసుకుని పెళ్లి వాయిదా వేద్దామనేవాడివి, అందుకే దాచాను. కుర్చీలో కూర్చుంటే నల్లకోడి వచ్చి ఒళ్లో కూర్చుంటోంది. ఈ రోజు గుడ్డు టోపీదాకా పోలేదు. మీ బావ తల ఈకల్లేకుండా పనికి పోయింది. అంతా మన మంచికే.

ఎర్రచేపలు బేసి సంఖ్యలో పెట్టు, తలలు తుంపాల్ వైపు ఉండాలి. మరదలు నేసిన ఉలోస్ దుప్పటి పెట్టె అడుగున ఉంటుంది, అదే వాళ్ల భుజాలమీద వెయ్యి. నువ్వు ఏం చెప్పావో నాకు పూస గుచ్చినట్టు రాయాలి. అక్కడ ఉండలేనిదాన్ని. నీ నోరు తెరుచుకోకపోతే నాకు ఇక్కడే తెలిసిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

తియోలినా

*

లుంబన్ దోలోక్,
అక్టోబరు

అక్కా, ఇతో,

బావ ఇంటికొచ్చి ఏదో ఒకటి చెప్పే ఉంటాడు. నమ్మకు. అతడు నవ్వుతూ చూసినవాడు, సగమే చూసి ఉంటాడు. జరిగింది ఇది.

మీవాళ్లు వచ్చే ముందురోజు, ఎర్రచేపలు పట్టడానికి సులువుగా ఉంటుందని వాటిని పెంచే మడిగుంట నీళ్లు కొంత బయటికి వదిలేశాను. వల తేవడానికి ఇంట్లోకి వెళ్లాను. దొడ్డి గడియ వేశాననే అనుకున్నాను. వల తెచ్చేసరికి యోనా గుంట మధ్యలో పొట్టదాకా బురదలో నిలబడి ఉంది. నోట్లోంచి ఒక ఎర్ర తోక వేలాడుతోంది. నన్ను చూసి, మింగింది.

ప్రవక్తను చేప మింగిందని చదివాం. చేపలన్నిటినీ ప్రవక్త మింగడం నా ఇంట్లోనే జరిగింది. వెతగ్గా వెతగ్గా ఒక్క చేప మిగిలింది, నా అరచెయ్యంత. ఆ పూట సంత లేదు. ఇరుగుపొరుగు గుంటల్లో చేపలు ఇంకా పిల్లలే.

పొద్దున బావా తుంపాల్ మీవాళ్లందరూ, పిల్ల వైపువాళ్లూ దిగారు. నా ముందు తలా తోకా పెట్టారు. బాగా వండారు. తిన్నాను. ఎవరి తోబుట్టువో యోనాకు చెప్పలేదు. ఇక నా వంతు వచ్చింది. అంత అన్నం గుట్టమీద ఆ ఒక్క చేపను పెట్టి తెచ్చాను. జనం మెడలు సాచి చూశారు. మీవైపు మాటకారి ముసలాయన లేచి, మేనమామ వైపు చేపలు ఎక్కడున్నాయని ఆచారప్రకారం అడిగాడు. నేను లేవలేదు. నేల చూశాను. బావ నా కోసం చిన్నగా, "ఒకటి బేసి సంఖ్యే కదా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల రొంతా వైపువాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

అప్పుడు ఆమాని సాహాత్ వెనక నుంచి అందుకున్నాడు.

"చేపలు పంది తినేసింది. ముందు ఆ పంది ఎవరిదో తేల్చండి. తుంపాల్ వాళ్లదైతే చేపలు చేరాల్సిన వైపుకే చేరినట్టు, ఎవరికీ తప్పులేదు. లాంచీ ఎక్కించి తీసుకుపోండి, పెళ్లికి పనికొస్తుంది. పెద్దగారిదైతే మేనమామే మేనల్లుడి చేపలు తిన్నట్టు. ఏం పెద్దగారూ, ఎవరిది?"

అతడి కళ్లు చూశాను, అక్కా. వెక్కిరింత లేదు. తాగి కూడా లేడు. నన్ను లేపడానికి అడుగుతున్నాడు.

మీదే అంటే నా పరువు నిలుస్తుంది. తలకూడా ఎత్తక్కర్లేదు, వేలుతో చూపిస్తే చాలు. దొడ్డి వైపు చూశాను. అది వెదుళ్ల సందులోంచి మూతి పెట్టి నా వంకే చూస్తోంది. దుంపలు పెట్టే వేళకు నేను మాట మొదలుపెడతానని ఎదురుచూసినట్టే.

లేచాను. గొంతు ముందు బొంగురుగా వచ్చింది.

"పంది నాది. పేరు యోనా. అది తిన్నవి నేను తిన్నట్టే. బిడ్డ తప్పు చేస్తే తండ్రి తలవంచుకోవాలి, వంచుకుంటున్నాను. మళ్లీ చేపలు పెరిగాక నేనే సియాంతార్ మోసుకొస్తాను. ఈ రోజు నా చేతుల్లో ఏమీ లేదు తుంపాల్. నోరొక్కటే ఉంది. అదీ ఏడాదిన్నరగా మూసుకుపోయింది."

కూర్చోవాలనుకున్నాను. కూర్చోలేకపోయాను. తరవాత మాటలు నేను పిలవకుండానే వచ్చాయి. నాకొక తీగ నీడ ఉండేదని చెప్పాను, అది ఎండిపోయిందని చెప్పాను. ఊరికి వీపు తిప్పి, ఆ ఎండిన తీగ కిందే కోపంగా కూర్చున్నానని చెప్పాను. "దేవుడు వచ్చి నాతో వాదించలేదు. నన్ను తిట్టలేదు. పందిని పంపాడు. అది నా చెప్పు తింది, నా దొడ్డి విరిచింది, నా చేత కొండ దిగించింది. చిన్న చిన్న బాధలన్నీ అదే తెచ్చిందని రోజూ లెక్కపెట్టుకున్నాను. ఆ లెక్కలో పడి పెద్ద బాధను మోయడం నేర్చుకున్నాను. తుంపాల్, రొంతా, మీ ఇంట్లో కోడి టోపీలో గుడ్డు పెట్టుగాక. మీ కుక్క ఇష్టమైనవాళ్ల మగ్గం కింద పడుకొనుగాక. మీకు సణగడానికి ఎప్పుడూ చిన్నవే దొరుకుగాక. పెద్దది వచ్చినప్పుడు మీ వాకిట్లో ఎవరో ఒకరు గోనెసంచి దించుదురుగాక."

ఇంకా చాలా చెప్పాను. అన్నం చల్లారిపోయిందని బావ అంటాడు, అది నిజమే. తియామిన్ ఉలోస్ ఇద్దరి భుజాలమీదా కప్పేటప్పుడు మాత్రం మాట్లాడలేదు. అక్కడ మాట అక్కర్లేదు. రొంతా తల్లి ముందుగా ఏడ్చింది, తరవాత ఆ ఒక్క చేప తోకను తుంచి రొంతా నోట్లో పెట్టింది. చాలింది. నేను ఆమెన్ అన్నప్పుడు దొడ్డిలోంచి కూడా ఒకటి వినిపించింది. కల్లంగడివాళ్లు నాలుగు గొంతుల్లో కీర్తన అందుకున్నారు. సంఘంలోకంటే బాగా. వచ్చే ఆదివారం వాళ్లను గుళ్లోకి తెస్తాను, నేను ప్రసంగపీఠం మీద ఉంటానని పాస్టరుకు చెప్పి పంపాను. పాస్టరమ్మ వేరుశెనగలు తెస్తుందట. తేనీ.

పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. ఈ వాన మడిగుంటలో పడుతోంది, చేపపిల్లలు వెయ్యాలి. పుంజు ఇప్పుడే కూసింది, ఉత్తరం ఆపి ప్రార్థించుకోవాలి. రెండో చెప్పు కూడా పోయింది, జత తిన్నందుకు సంతోషమే, ఒంటిచెప్పు చూసినప్పుడల్లా కోపం వచ్చేది.

నీ కాలికి ప్రభువు స్వస్థత ఇచ్చుగాక. నల్లకోడికి నా దీవెనలు.

నీ తమ్ముడు
ఆమాని యోనా